మోకు

మోకు గట్టిగా పట్టుకో.

రెండు చేతులా. గుంజకి రెండు చుట్లు తిప్పు. ఆ చుట్లుంటేనే పదహారేళ్ళ నీ చేతులు నిలువెత్తు మనిషి బరువు ఆపగలవు. పైన మోకు కొసకి సన్నటి ఉక్కు తీగ. దూలానికున్న కప్పీ మీదుగా అది అవతలికి దిగుతుంది. దాని చివర కొక్కెం. ఆ కొక్కెం, పట్టుపంచె కింద దాచిన తోలు బెల్టుకి. ఆ బెల్టులో మీ నాన్న.

తెర ఇంకా లేవలేదు. అర్దళం, కొబ్బరినూనె, చెమట కలిసిన వాసన. కప్పు రేకులు పగటి ఎండని ఇంకా కక్కుతున్నాయి. సందులోంచి చూడు. బెంచీలు నిండాయి. నేల టికెట్టువాళ్ళు తెరకి ఆనుకునే కూర్చున్నారు. ఇవాళ భక్త ప్రహ్లాద.

ఇది 1985. వనారస గోవిందరావు కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి వందేళ్ళు. అంతకుముందు మీవాళ్ళవి తోలుబొమ్మలు. బొమ్మల్ని పక్కన పెట్టి మనుషులే వేషం కట్టారు. ఆ మనుషుల్లోనే నువ్వూ పుట్టావు. నీ మొదటి వేషం, ఉయ్యాల్లో బాలకృష్ణుడు. ఇంట్లో మరాఠీ, రంగం మీద తెలుగు. పదో తరగతి మూడు ఊళ్ళలో చదివావు.

చొక్కా జేబులో గుంటూరు పాలిటెక్నిక్ ఉత్తరం. రేపు పొద్దున్నే బస్సు.

అమ్మకి చెప్పావు. లీలావతి వేషానికి జడ అల్లుకుంటూ, "కమలాబాయి వెళ్ళలేదూ?" అంది. సురభి కమలాబాయి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి ఆవిడే.

నాన్నకి మాత్రం నోరు రాలేదు.

గంట. హార్మోనియం. తెర లేచింది.

వదులు. ఒక్కో మూర. మబ్బుల్లోంచి నారదుడు దిగుతున్నాడు, చేతిలో చిడతలు. జనం నోళ్ళు తెరుచుకున్నాయి. నీ చూపు మాత్రం మోకు మీదే.

ఆగింది.

ఇంకో మూర వదిలావు. నాన్న దిగలేదు. తల ఎత్తు. కప్పీ పక్కకి ఒరిగింది. తీగ గాడి తప్పి ఇరుక్కుంది. నాన్న పన్నెండడుగుల ఎత్తులో ఉన్నాడు. మామయ్య అవతలి తెర దగ్గర. పిలిస్తే హాలంతా వింటుంది.

మోకు చేతిలో వదులుగా వేలాడుతోంది. అదే భయం. ఇప్పుడు తీగ ఊడొస్తే, ఆ వదులంత మేరా నాన్న రాయిలా పడతాడు.

చప్పున బిగించు. ఆ వదులంతా గుంజకి చుట్టెయ్.

నాన్నకి తెలిసిపోయింది. అయిపోయిన పద్యం ఆఖరి పాదం మళ్ళీ ఎత్తుకున్నాడు. రాగం సాగదీస్తున్నాడు. హార్మోనియం తాతయ్య పట్టేశాడు, వెనకే నడిచాడు.

"వన్స్‌మోర్!" బెంచీల్లోంచి కేక.

పక్కన ఎవరో. చెల్లెలు. పన్నెండేళ్ళు. చెలికత్తె వేషంలో ఉంది. పైకి చూసింది. ఏమీ అడగలేదు. మోకు అందుకుంది.

"దింపుదామా?"

"కాదు. పైకి. నాన్నని ఇంకాస్త పైకి."

లాగు.

అరచెయ్యి మండింది. లాగు. ఇంకొంచెం.

టక్.

తీగ గాడిలో పడింది. బరువంతా చేతుల్లోకి వచ్చింది. చెల్లెలి పాదాలు జారాయి. పట్టు! వదలకు!

గుంజ ఆపింది.

ఇప్పుడు వదులు. మూర. ఇంకో మూర. నాన్న బొటనవేలు చెక్కని తాకింది. హాలంతా చప్పట్లు.

మామయ్య నిచ్చెనెక్కి కప్పీ బిగిస్తుండగా నాన్న లోపలికొచ్చాడు. నీ అరచేతులు తిప్పి చూశాడు. ఎర్రటి గాట్లు. జేబులోంచి తొంగిచూస్తున్న కవరు మీద ఆయన చూపు ఆగింది.

"బస్సు ఎన్నింటికిరా?"

"ఐదున్నరకి, నాన్నా."

కొబ్బరినూనె సీసా నీ చేతిలో పెట్టాడు.

"ఆఖరి సీను ముందు నించి చూడు. ఎప్పుడూ చూళ్ళేదుగా."

మోకు మామయ్యకీ చెల్లెలికీ వదిలి, వెళ్ళి నేల టికెట్టు జనంలో కూర్చుంటావు. స్తంభం పగులుతుంది. నరసింహుడు గర్జిస్తాడు. నీ పక్కనున్న పిల్లాడు వాళ్ళమ్మ ఒడిలో తల దాచుకుంటాడు. మళ్ళీ మబ్బులు. మళ్ళీ నారదుడు.

తీగ కోసం వెతుకుతావు. ఎక్కడుంటుందో నీకు తెలుసు.

కనిపించదు.