బోసాన్‌లో బోస్

2012 జులై 4. తిరుపతిలో మధ్యాహ్నం 12:30. ఎండలోనూ అలిపిరి మెట్ల మీద గోవింద నామాలు ఆగలేదు. అదే నిమిషానికి జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో ఉదయం 9 గంటలు. హాలు కిక్కిరిసింది. రాత్రంతా బయట నేల మీదే నడుం వాల్చి, తెల్లారగట్ల కళ్లు నులుముకుంటూ వరసలో నిలబడి, ఎలాగోలా సీటు దక్కించుకున్న కుర్రాళ్లు ఊపిరి బిగబట్టారు. వాళ్ల మధ్య 83 ఏళ్ల పెద్దాయన. పీటర్ హిగ్స్. 1964లో ఆయన కాగితం మీద ఊహించిన కణం ఉందా, లేదా?

తెర వెలిగింది. కణాన్ని వెతికిన రెండు బృందాల తరఫున ముందు జో ఇన్‌కండేలా. తర్వాత ఫాబియోలా జనోట్టి. గ్రాఫు గీత మీద చిన్న బొడిపె. కణమే లేకపోతే ఊరికే అలా వచ్చే అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒక్కటి! చప్పట్లు మిన్నంటాయి. హిగ్స్ కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు తెలుగు పేపర్లు గుమ్మాల్లో పడ్డాయి. దొరికింది 'దైవకణం' అట!

ఎవరు పెట్టారా పేరు? 1993లో నోబెల్ శాస్త్రవేత్త లియాన్ లెడర్‌మన్ ఈ కణం మీద ఆ పేరుతోనే పుస్తకం రాశారు. ఎంత వెతికినా చిక్కదు కదా, విసుగొచ్చి 'దిక్కుమాలిన కణం' లాంటి తిట్టే పెట్టేవాణ్ణి, ప్రచురణకర్త ఒప్పుకోలేదు అని అందులో సరదాగా చెప్పుకున్నారు. ఇంగ్లిష్‌లో ఆ తిట్టు 'గాడ్' అనే మొదలవుతుంది. తిట్టు పోయింది. దేవుడు మిగిలాడు. నమ్మేవాళ్ల మనసు నొచ్చుకుంటుందని హిగ్స్‌కి ఆ పేరే గిట్టలేదు. కానీ మాట అప్పటికే చేయి దాటిపోయింది.

దైవం అంటే తిరుపతిలో ఏడుకొండలవాడే. ఆ మాట వినగానే చేతులు జోడిస్తాం. ఇంక ప్రశ్న ఎక్కడ అడుగుతాం? నిజానికి విశ్వమంతా పరుచుకున్న ఒక క్షేత్రానికి (ఫీల్డ్) ఈ కణం ఆనవాలు. ఎలక్ట్రాన్ లాంటి మూలకణాలకు ద్రవ్యరాశి ఆ క్షేత్రం వల్లే వస్తుంది. కొండెక్కే మనిషి ఒంట్లో ఎక్కువ భాగం బరువు మాత్రం ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల బిగిసి ఉన్న శక్తిది. ఇదంతా 'దైవకణం' అన్న ఒక్క మాట కింద కప్పబడిపోయింది. దాంతోపాటు ఇంకో పేరు కూడా.

దీని అసలు పేరు హిగ్స్ బోసాన్. 1924లో ఢాకా నుంచి ఐన్‌స్టైన్‌కి తన పరిశోధన పత్రాన్ని పోస్టు చేసిన అధ్యాపకుడు సత్యేంద్రనాథ్ బోస్. ఆయన లెక్క ప్రకారం నడిచే కణాలన్నిటికీ ఆయన పేరే పెట్టారు, బోసాన్లు అని.

మీ పిల్లలు దైవకణం అంటే ఏంటని అడిగితే, హిగ్స్ బోసాన్ అని చెప్పండి. బోసాన్‌లో ఉన్నది మన బోస్ అని కూడా చెప్పండి.