చమురు కోరని దారి

1973 అక్టోబరుకు ముందు పీపా ముడిచమురు ధర సుమారు 3 డాలర్లు. 1974 జనవరి నాటికి అది 11 డాలర్లు దాటినది. ఇంధనం పొదుపు చేయవలెనన్న మాట మన దేశంలో కూడ గట్టిగా వినవచ్చినది. అయితే చుక్క చమురైనా కోరకుండా సరుకులు మోసిన దారి ఒకటి నెల్లూరు తీరంలోనే ఉన్నది. ఆ ధర పెరిగేనాటికే అది పూడిపోసాగినది. అదే బకింగ్‌హాం కాలువ.

దీని మొదటి భాగాన్ని 1806లో మద్రాసు నుండి ఎన్నూరు వరకు తవ్వినారు. 1837లో ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. తరువాత అది పులికాటు సరస్సు, కృష్ణపట్నం మీదుగా ఉత్తరాన పెదగంజాం వరకు సాగినది. 1876-78 కరవులో కూలి కొరకు వచ్చిన జనం చేత మద్రాసు నగరంలోని భాగాన్ని తవ్వించినారు. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో దీనికి పెట్టినారు. మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 ఆంధ్రప్రదేశ్‌లోనివి.

గాలి అనుకూలమైతే తెరచాప, లేకున్న గెడ; అదీ చాలనిచోట గట్టున నడుస్తూ తాడుతో లాగడం. ఇంతటితో టన్నుల బరువు ఎట్లు కదిలినది? పడవ బరువును నీరే మోస్తుంది. లాగేవాడు నీటి నిరోధాన్ని మాత్రమే గెలువవలెను. వేగం రెట్టింపైతే ఆ నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. కనుక మెల్లగా పోయే పడవకు కావలసిన బలం బహు స్వల్పం. ఒక అశ్వశక్తి రోడ్డు మీద 150 కిలోలను, రైలు మీద 500 కిలోలను, నీటి మీద 4,000 కిలోలను కదల్చగలదని జలరవాణాను గూర్చిన మన ప్రభుత్వ పత్రాలలోని లెక్క. తొందర లేని సరుకుకు, అనగా ఉప్పు, ధాన్యం, కట్టెల వంటివాటికి, ఇంతకన్న చౌక దారి లేదు.

కట్టెల మాట కొంచెం వివరించవలెను. మద్రాసు పొయ్యిలకు వంటచెరకు శ్రీహరికోట అడవుల నుండి ఈ కాలువ మీదనే పోయేది. 1860 ప్రాంతాల నుండి ఈ తీరాన సరుగుడు తోటలు పెంచినది మొదట రైలు ఇంజన్ల ఇంధనం కొరకే. కాలువ తాను ఇంధనం తినలేదు గాని, అడవిని పట్టణానికి చేరవేసినది. ఈ సంగతి మరచి దానిని పొగడడం న్యాయం కాదు. (ఆ శ్రీహరికోట నుండే 1971లో తొలి రాకెట్టు ఎగిరినది. అక్కడి ఇంధనం సంగతి వేరు!)

1899లో విజయవాడ-మద్రాసు రైలుమార్గం పూర్తికావడంతో సరుకు అటు మళ్లసాగినది. పిమ్మట లారీలు వచ్చినవి. 1965-66, 1976 తుఫానులు కాలువను దెబ్బతీసినవి. పోటుపాటులతో వచ్చే ఒండ్రును ఎప్పటికప్పుడు తీయకపోతే ఇటువంటి కాలువ నిలువదు. డీజిలు చౌకగా దొరికినంతకాలం ఆ ఖర్చు దండుగగానే తోచినది. నా దృష్టిలో కాలువకు తుఫానుల కన్న ఎక్కువ కీడు చేసినది ఈ లెక్కయే.

2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువలను, వాటిలో దీనిని చేర్చి, నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించినారు. అదే సంవత్సరం కృష్ణపట్నంలో కొత్త రేవు తెరచినారు. మనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా నేడు విదేశాల నుండే వస్తున్నది. పూడిక తీయుటకయ్యే వ్యయాన్ని నేటి డీజిలు ధరతో మాత్రమే పోల్చిచూస్తే చాలదు. తవ్విన కాలువ ఎన్నో సంవత్సరాలు పనిచేస్తుంది, ఈలోగా చమురు ధర 1973లో వలె మూడు నెలలలో మారిపోవచ్చును.