అత్యాచార శిక్ష నిలిచింది, అట్రాసిటీ సెక్షన్ వీగిపోయింది

2011లో కర్నూలు జిల్లాలో పుట్టు అంధురాలైన దళిత యువతిపై అత్యాచారం జరిగింది. సోదరులకు పరిచయస్తుడైన నిందితుణ్ణి ఆమె గొంతుతో గుర్తుపట్టింది. అతనికి పడిన యావజ్జీవాన్ని హైకోర్టు ఖాయం చేసింది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షాల ధర్మాసనం, వైకల్యం వల్ల సాక్ష్యం బలహీనం కాదంటూ సెక్షన్ 376 శిక్షను నిలిపింది. ఎస్సీ, ఎస్టీ చట్టం సెక్షన్ 3(2)(వి) శిక్షను మాత్రం కొట్టేసింది. దళితురాలన్న 'కారణంగా' నేరం జరిగినట్టు ప్రాసిక్యూషన్ విడిగా సాక్ష్యం పెట్టలేదట. కులం, స్త్రీత్వం, వైకల్యం కలిసే అణచివేస్తాయని వివరంగా రాసిన తీర్పూ ఇదే!

2016 జనవరి 26 తర్వాతి నేరాలకు కులం 'తెలిసి' చేస్తే చాలు. బాధితురాలితో, కుటుంబంతో వ్యక్తిగత పరిచయం ఉంటే కులం తెలుసనే సెక్షన్ 8(సి) కింద కోర్టు భావిస్తుంది. కాదని నిందితుడే నిరూపించుకోవాలి. ఆ పరిచయం వాంగ్మూలంలో, సాక్ష్యంలో నమోదైందో లేదో ట్రయల్ దశలోనే చూసుకోవాలి. అప్పీలు కోర్టు సాధారణంగా ఆ రికార్డు దాటి వెళ్లదు.