మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఈత పోటీలు (1956)

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో 1956 నవంబరు 22 నుంచి డిసెంబరు 8 వరకు జరిగిన ఒలింపిక్ క్రీడల్లో భాగంగా నిర్వహించిన ఈత పోటీలు ఇవి. పురుషులకు 7, స్త్రీలకు 6, మొత్తం 13 అంశాల్లో పోటీలు జరగగా 8 స్వర్ణాలు ఆతిథ్య దేశానికే దక్కాయి. తెలుగువాళ్లు ఈ పోటీలను గుర్తుపెట్టుకోవడానికి వేరే కారణం ఉంది. గుంటూరు జిల్లా రేపల్లె దగ్గరి కైతేపల్లికి చెందిన సైనికుడు మెహబూబ్ షంషేర్ ఖాన్ భారత్ తరఫున 200 మీటర్ల బటర్‌ఫ్లైలో దిగారు. క్రీడలు మొదలయ్యేనాటికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడి మూడు వారాలే అయింది.

కాలువ ఈత, కొలను ఈత

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఊరి పక్కనే కాలువ పారడం మామూలైపోయింది. పెద్దాపురం, సామర్లకోట వైపు పిల్లలైనా, రేపల్లె వైపు పిల్లలైనా ఎండిన సొరకాయ బుర్రలో, అరటి బోదెలో పట్టుకుని రేవులోనే ఈత నేర్చేవారు. ఆ ఈతకు ధైర్యం ఎక్కువ, లెక్క తక్కువ. అవతలి గట్టు చేరితే చాలు, ఎన్ని సెకన్లలో చేరావని అడిగేవాళ్లుండరు. పైగా బడికి సెలవులిచ్చే ఎండాకాలంలోనే కాలువలు కట్టేస్తారు.

పోటీ కొలను సంగతి వేరు. 50 మీటర్ల పొడవు, నిలకడ నీరు, ఎవరి వరుస వాళ్లది. 200 మీటర్లంటే నాలుగు పొడవులు, మూడు మలుపులు. గోడను తాకి, కాళ్లతో తన్ని వెనుదిరగడంలోనే సగం పందెం తేలిపోతుంది. ప్రవాహానికి ఎదురీది బలం సంపాదించిన కుర్రాడికైనా ఆ గోడ దగ్గరి విద్య చెప్పేవాడుండాలి, చెప్పడానికి కొలనుండాలి. 1950లలో మన పల్లె కుర్రాడికి ఆ రెండూ అందే దారుల్లో సైన్యం ముఖ్యమైనది. ఖాన్ వెళ్లింది ఆ దారినే.

ఆస్ట్రేలియా హవా

ఒలింపిక్స్ దక్షిణార్ధగోళంలో జరగడం అదే మొదటిసారి. ఆస్ట్రేలియన్లు దానికి తగ్గట్టే సిద్ధమయ్యారు. క్రీడలకు ముందు నెలలు తమ దేశంలో చలికాలం కావడంతో ఈతగాళ్లను ఉత్తరాన వెచ్చగా ఉండే టౌన్స్‌విల్‌కు తీసుకెళ్లి నెలల తరబడి సాధన చేయించారు. ఆ శిబిరం నాళ్లలోనే, ఆగస్టులో, లొరేన్ క్రాప్ 400 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 5 నిమిషాల లోపు ఈదిన తొలి మహిళ అయింది. మెల్‌బోర్న్‌లో ఆ అంశం స్వర్ణమూ ఆమెదే.

100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో పురుషుల మూడు పతకాలూ, స్త్రీల మూడు పతకాలూ ఆస్ట్రేలియాకే వెళ్లాయి. పురుషుల్లో జాన్ హెన్రిక్స్ 55.4 సెకన్లలో గెలిచాడు. స్త్రీలలో డాన్ ఫ్రేజర్ 1 నిమిషం 2 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించింది. ఇదే అంశాన్ని 1960లోనూ 1964లోనూ ఆమే గెలిచింది. పదిహేడేళ్ల మర్రే రోజ్ 400, 1500 మీటర్లతో పాటు రిలేలోనూ స్వర్ణం పట్టాడు. శాకాహారం తిని ఈదేదేమిటని పెదవి విరిచేవాళ్లకు చెప్పవలసిన పేరు ఇది. రోజ్ పుట్టు శాకాహారి. డిసెంబరు 7న, అంటే పెరల్ హార్బర్ దాడికి సరిగ్గా పదిహేనేళ్లకు, 1500 మీటర్ల పందెం ముగిశాక రోజ్, రెండో స్థానంలో నిలిచిన జపాన్ ఈతగాడు యమనక వరుసల మధ్య తాడు మీదుగా ఒకరినొకరు కౌగిలించుకున్న ఫొటో ప్రపంచమంతా అచ్చయింది.

మిగిలిన స్వర్ణాల్లో అమెరికాకు రెండు, జపాన్, బ్రిటన్, జర్మనీలకు తలా ఒకటి దక్కాయి. హంగేరీపై సోవియట్ సైన్యం దాడికి నిరసనగా నెదర్లాండ్స్ క్రీడలకు రాలేదు. దాంతో డచ్ అమ్మాయిలు లేని పోటీలయ్యాయి ఇవి. ఆ గొడవ కొలనులోకీ దిగింది. డిసెంబరు 6న వాటర్ పోలోలో హంగేరీ 4–0తో సోవియట్ జట్టును ఓడించిన ఆట చివర్లో హంగేరీ ఆటగాడు ఎర్విన్ జాడోర్ ముఖం పగిలి నెత్తురు కారింది. ఈత పోటీల లెక్కలో చేరని ఆ ఆటే నేటికీ అందరికీ గుర్తుంది.

అప్పటికి గడియారాలను మనుషులే చేత్తో ఆపేవారు. ఫలితాల్లో సెకనులో పదో వంతుకు మించి కనిపించకపోవడానికి కారణం అదే. మనుషుల కంటినీ చేతినీ నమ్ముకునే పద్ధతి ఎంత గుడ్డిదో నాలుగేళ్ల తరవాత రోమ్‌లో బయటపడింది. మెల్‌బోర్న్ 100 మీటర్ల రజత విజేత జాన్ డెవిట్‌కు అక్కడ న్యాయనిర్ణేతలు కంటిచూపుతో స్వర్ణం ఇచ్చారు, గడియారాలు చూస్తే అమెరికన్ లాన్స్ లార్సన్ ముందున్నాడు. గోడకు అమర్చే విద్యుత్ పలకలు ఒలింపిక్స్‌లో 1968లో వచ్చాయి.

బటర్‌ఫ్లై తొలి అడుగు

ఖాన్ ఎంచుకున్న అంశానికి ఆ ఏడాదే ఒలింపిక్ ప్రవేశం. అంతకుముందు బటర్‌ఫ్లై వేరే ఈత కాదు. బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదేవాళ్లు నిబంధనల్లో సందు కనిపెట్టి, చేతుల్ని నీటిలోంచి కాక గాలిలోంచి ముందుకు విసరడం మొదలుపెట్టారు. అలా ఈదితే వేగం ఎక్కువ. 1952 హెల్సింకి నాటికి పాత పద్ధతిలో ఈదేవాళ్లు అరుదైపోయారు. దాంతో అంతర్జాతీయ ఈత సమాఖ్య రెండింటినీ విడదీసింది. మెల్‌బోర్న్‌లో పురుషులకు 200 మీటర్ల, స్త్రీలకు 100 మీటర్ల బటర్‌ఫ్లై విడి అంశాలయ్యాయి. స్త్రీలలో అమెరికాకు చెందిన షెల్లీ మాన్ గెలిచింది.

విడదీసినంత మాత్రాన సందులు పూడలేదు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో జపాన్‌కు చెందిన మసారు ఫురుకవా చాలా దూరం నీటి అడుగునే ఈది, తల పైకెత్తాల్సిన అవసరం తగ్గించుకుని స్వర్ణం కొట్టాడు. తరవాత అలా ఈదడాన్ని నిషేధించారు. 

పురుషుల 200 మీటర్ల బటర్‌ఫ్లైలో అమెరికాకు చెందిన విలియం యార్జిక్ 2 నిమిషాల 19.3 సెకన్లలో గెలిచాడు. జపాన్ ఈతగాడు ఇషిమోతోకు రజతం, హంగేరీకి చెందిన టుంపెక్‌కు కాంస్యం దక్కాయి. ముందు హీట్స్ జరిపి, వాటిలో మెరుగైన కాలం నమోదు చేసిన ఎనిమిది మందిని ఫైనల్‌కు తీసుకునేవారు. ఖాన్ హీట్స్‌లో ఈదారు, ఫైనల్‌కు చేరలేదు.

షంషేర్ ఖాన్

1954లో ఆయన 200 మీటర్ల బటర్‌ఫ్లైలో జాతీయ రికార్డు నెలకొల్పారు. అలా చూస్తే మెల్‌బోర్న్ బెర్తు పోరాడి తెచ్చుకున్నదే. ప్రయాణపు ఖర్చు దొరికినా తిండి ఖర్చుకు సైన్యం నుంచి 300 రూపాయలు అప్పు తీసుకోవాల్సి వచ్చిందని తరవాతి రోజుల్లో పత్రికలు రాశాయి. అదే క్రీడల్లో హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానం సాధించింది, హాకీ జట్టు స్వర్ణం తెచ్చింది. ఆ సందడిలో హీట్స్‌లో ఆగిపోయిన ఈతగాడిని పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది? సైన్యంలో ఉద్యోగం ముగిశాక ఆయన సొంత ఊరు చేరారు. 2017 అక్టోబరు 15న కన్నుమూశారు. రేపల్లె ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది.

పోయాక వచ్చిన నివాళుల్లో రెండు మాటలు పదేపదే కనిపిస్తాయి. ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయ ఈతగాడన్నది ఒకటి. అది నిలవదు. 1948 లండన్ క్రీడల్లోనే సచిన్ నాగ్ ఈదాడు, 1952లో ఆరతి సాహా, డాలీ నజీర్ హెల్సింకి వెళ్లారు. ఐదో స్థానం సాధించారన్నది రెండోది. 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో ఐదో స్థానం ఆస్ట్రేలియాకు చెందిన జాన్ మార్షల్‌ది. మార్షల్ ఆ తరవాత కొద్ది వారాలకే కారు ప్రమాదంలో చనిపోయాడు. ఈ రెండు గొప్పలూ తీసేసినా ఖాన్ స్థాయి తగ్గదు. ఒక ఈత ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన తొలి రోజునే ఆ వరుసలో ఒక డెల్టా పల్లె మనిషి నిలబడ్డారు.

తరవాతి కథ

భారత ఈతకు ఆ తరవాత కూడా పతకాలు పెద్దగా రాలలేదు. ఆసియా క్రీడల ఈతలో మన ఏకైక స్వర్ణం 1951 ఢిల్లీలో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సచిన్ నాగ్ గెలిచినదే. ఖజాన్ సింగ్ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలోనే రజతం తెచ్చాడు. ఆహ్వానంతో కాకుండా నేరుగా అర్హతా ప్రమాణం దాటి ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయ ఈతగాడు కేరళకు చెందిన సాజన్ ప్రకాశ్. 2021 జూన్‌లో రోమ్‌లో 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదాడు. అదీ 200 మీటర్ల బటర్‌ఫ్లైయే. యార్జిక్ స్వర్ణం కొట్టిన కాలం కంటే ఇది దాదాపు 23 సెకన్లు తక్కువ. సాజన్ టోక్యోలో హీట్స్ దాటలేదు.

తెలుగు నేల మీద ఇలాంటి అంతర్జాతీయ పోటీలు 2003లో హైదరాబాదు ఆఫ్రో-ఆసియా క్రీడలతో వచ్చాయి. 2007లో అదే నగరంలో ప్రపంచ సైనిక క్రీడలు జరిగాయి. రెండింటిలోనూ ఈతకు గచ్చిబౌలి కొలనే వేదిక.  డెల్టా ఈత మాత్రం పతకాల వైపు కంటే దూరం వైపు సాగింది. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 2021లో పాక్ జలసంధి ఈదారు, 2025 జనవరి మొదట్లో విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్ల సముద్రపు ఈత ముగించారు.

ఖాన్ గురించి ఇకముందు రాసేవాళ్లు, బడి పుస్తకాల్లో చేర్చేవాళ్లు ‘తొలి’, ‘ఐదో స్థానం’ అనే మాటలు వదిలేసి, ఒలింపిక్స్ తొలి 200 మీటర్ల బటర్‌ఫ్లైలో పోటీపడిన తెలుగు సైనికుడని రాస్తే సరిపోతుంది.