ఉన్న మందుపై కొత్త మందు

గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని చేర్చే ధమనులు ఇరుకై, వాటిలో ఒత్తిడి పెరిగి, చివరకు గుండె కుడి భాగం నీరసించిపోయే జబ్బును పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అంటారు. 1980లలో అమెరికాలోని 32 కేంద్రాల్లో నమోదైన రోగుల వివరాల ప్రకారం, జబ్బు బయటపడ్డాక సగం మంది మూడేళ్లయినా బతకలేదు. 1996లో ప్రచురితమైన ఎపోప్రోస్టెనాల్ పరీక్షలో 81 మంది రోగులు పాల్గొనగా, పన్నెండు వారాల్లో మరణించిన ఎనిమిది మందీ ఆ మందు అందనివారే.

ఈ ఫలితం రోగులకు ఊరట అయినా, పరిశోధకులకు చిక్కు తెచ్చింది. ప్రాణం నిలిపే మందు చేతిలో ఉండగా, పోలిక కోసం రోగిని ఏ మందూ లేకుండా ఉంచడం న్యాయం కాదు కనుక, వాడుతున్న మందులను కొనసాగిస్తూనే కొందరికి కొత్త మందును, మిగిలినవారికి దాన్ని పోలిన ప్లాసిబోను, అంటే మందు గుణం లేని నకలును, జోడించే పద్ధతి క్రమంగా స్థిరపడింది. ఎపోప్రోస్టెనాల్ వాడుతున్న 267 మందిపై సిల్డెనాఫిల్‌ను ఇలాగే 16 వారాలు పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు.

కొలమానం మాత్రం చాలాకాలం ఆరు నిమిషాల నడకే. సాధారణంగా ముప్పై మీటర్ల వరండాలో రోగి తన శక్తి కొద్దీ అటూ ఇటూ నడుస్తాడు. ఆయాసమొస్తే ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. పరీక్షించేవారు నిమిషానికోసారి ముందే నిర్ణయించిన మాటలతో తప్ప హుషారు చేయకూడదు. ఖర్చు లేని ఈ పరీక్ష ఎంత ఉపయోగకరమో అంత అసంపూర్ణం కూడా. రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్‌ను, అప్పటికే రెండు లేదా అంతకు మించిన మందులు వాడుతున్న 202 మందిపై పరీక్షించినప్పుడు, 2013 నాటి ఫలితాల్లో నడక సగటున 32 మీటర్లు మెరుగుపడింది. కానీ రక్తం గడ్డకట్టకుండా మందు కూడా వాడుతున్న ఎనిమిది మందికి మెదడు పైపొర కింద రక్తస్రావమైంది. నడక ఒక్కటే చూసి ఉంటే అది విజయమే అయ్యేది.

అదే ఏడాది వెలువడిన మాసిటెంటాన్ పరీక్ష 742 మందిలో జబ్బు ముదరడాన్నీ మరణాలనూ లెక్కించి, మీటర్ల కంటే గట్టి ప్రమాణాన్ని నిలబెట్టింది. ఆ ప్రమాణమే సొటాటెర్సెప్ట్‌కూ పనికొచ్చింది. మూడు వారాలకోసారి చర్మం కింద ఇచ్చే ఈ ఇంజెక్షన్‌కు 2024లో అమెరికా అనుమతి లభించింది. తీవ్రస్థితిలో ఉన్న 172 మందిపై జరిపిన దీని పరీక్షలో మరణం, ఊపిరితిత్తుల మార్పిడి, జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరడం కలిపి చూస్తే, ప్లాసిబో పొందిన 86 మందిలో 47 మందికి, మందు పొందిన 86 మందిలో 15 మందికి సంభవించడంతో, ఆ పరీక్షను గడువుకు ముందే ఆపేశారు.