దీర్ఘం చెవిదా, కంటిదా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో అచ్చుల బోధన

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. కర్ణాటక సరిహద్దు దగ్గరే కాబట్టి ఇక్కడి పిల్లల చెవిన తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ పడుతుంటాయి. బడిలో ఇంగ్లీషు తోడవుతుంది. అచ్చుల నిడివిని ఈ నాలుగు రాతలూ నాలుగు రకాలుగా చూపుతాయి. చదువు నేర్పేటప్పుడు ఈ సంగతి లెక్కలోకి రావడం లేదన్నది నా అభిప్రాయం.

తెలుగులో దీర్ఘమంటే పలికే కాలం. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. నెల–నేల, వెల–వేల, కొన–కోన, కలం–కాలం జంటల్లో ఆ కాలమే అర్థాన్ని మారుస్తుంది. అక్షరం రాని పిల్లకూ ఈ తేడా వినిపిస్తుంది. నేల మీద కూర్చోమంటే ఆమె తికమకపడదు. ఆమెకు కొత్తది గుర్తు మాత్రమే. కన్నడంలో కీ, కే, కో మూడింటికీ హ్రస్వరూపం పక్కన ఒకే దీర్ఘచిహ్నం చేరుతుంది. తెలుగులో అలాంటి ఉమ్మడి గుర్తు లేదు. గుడి, ఎత్వం, ఒత్వం దేనికది తలమీదే కొద్దిగా రూపు మార్చుకుంటాయి. ఉర్దూ మామూలు రాతలో హ్రస్వాలు కనబడవు, దీర్ఘాలకే అక్షరాలుంటాయి. ఎ–ఏ, ఒ–ఓ తేడాను మన పాత శాసనాల లిపి కూడా చూపలేదు. అలాంటప్పుడు ఆరేళ్ల పిల్లలు అక్కడే తడబడితే మందలించడం దేనికి?

గుణింతం వల్లె వేయిస్తే వరుస నోటికొస్తుంది. ‘కే’ని విడిగా చూపితే మాత్రం చాలామంది ‘క’ నుంచి లెక్క మొదలుపెడతారు. అందుకే ముందు జంటపదాలు వినిపించి, హ్రస్వానికి ఒక చిటిక, దీర్ఘానికి రెండు వేయించి, ఆ తర్వాతే గుర్తు చూపాలి.

అక్షరాల ధ్వనులతో చదవడం నేర్పే ఇంగ్లీషు ఫోనిక్స్‌లో ‘లాంగ్ వవెల్’ను దీర్ఘమని చెప్పడంతో అసలు చిక్కు మొదలవుతుంది. క్యాప్ చివర ‘ఇ’ అక్షరం చేర్చితే కేప్, బిట్ బైట్, హాప్ హోప్ అవుతాయి. మారింది కాలం కాదు, అచ్చే. పైగా ఫోనిక్స్ పొట్టిదనే హాప్‌లోని అచ్చు మన చెవికి దీర్ఘంగానే తోస్తుంది! పదిహేనో శతాబ్దం నుంచి ఇంగ్లీషు దీర్ఘాచ్చుల ఉచ్చారణ మారిపోయింది, స్పెల్లింగు చాలావరకు పాతదే నిలిచింది. హిందూపురం ఇంగ్లీషు బోర్డులో దూకీ, పుకీ ఒకే ‘యు’ ఉండటం కూడా పిల్లలకు చూపదగ్గదే.

కాబట్టి తెలుగు చెవి సాయపడే సిట్–సీట్, ఫుల్–ఫూల్ జంటలతో మొదలుపెట్టాలి. తర్వాత మన ఏ, ఓలకు దగ్గరైన కేప్, హోప్. బైట్ వంటివి చివరకు. పరీక్షలో కెమ–కేమ, టొప–టోప వంటి అర్థంలేని జంటలూ ఇవ్వాలి. తెలిసిన మాటలైతే పిల్లలు గుర్తు చూడకుండా ఊహించి చదివేస్తారు.