కాగు నుంచి కాయిల్ వరకు: కార్వేటినగరం సీమలో వేడినీటి చరిత్ర

గుట్టల నడుమ వేణుగోపాలస్వామి ఆలయాన్నీ, దాని విశాలమైన పుష్కరిణినీ ఆశ్రయించుకుని పెరిగిన కార్వేటినగరం, 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను తొలగించే వరకు, చెరువులలోనూ కోనేరులలోనూ నిలిచిన వాననీటిని, దిగుడు బావులను నమ్ముకుని బ్రతికిన సంస్థానం. ఆ కాలంలో స్నానానికి నీరు రాగి అండాలోనో, కాగులోనో, నడుమ పొగగొట్టం ఉండి చుట్టూ నీళ్లు నిలిచే ఇత్తడి బాయిలరులోనో కట్టెల మంటపై కాగేది. పాత్రలో నీరున్నంత వరకు లోహం మాడిపోయే ప్రమాదం తక్కువ. లోపల గార, అంటే నీటిలోని సున్నపు పదార్థం పేరుకున్న గట్టి పొర, పట్టినా కట్టెలు కొంత ఎక్కువ ఖర్చయ్యేవి తప్ప కాగు చెడేది కాదు. పైగా చింతపండుతో తోమే అలవాటు ఒకటుండేది. అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి చిలుమునూ సున్నపు పొరనూ వదిలించేది.

1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన నికెల్, క్రోమియం మిశ్రమలోహం, అంటే నైక్రోమ్, విద్యుత్తుతో నీరు కాచే పద్ధతికి ఆధారమైంది. గీజరులో నీటిని కాచే భాగమైన ఎలిమెంటులో ఈ లోహపు తీగ చుట్ట (కాయిల్) చుట్టూ విద్యుత్తును ఆపి వేడిని సాగనిచ్చే మెగ్నీషియం ఆక్సైడు పొడినీ, దానిపై రాగి లేదా మిశ్రమలోహపు గొట్టాన్నీ అమరుస్తారు. తీగలో పుట్టిన వేడి ఎప్పటికప్పుడు నీటిలోకి వెళ్లిపోవాలి. వెళ్లే దారి మూసుకుపోతే ఆ వేడికి తీగే తెగుతుంది. చెరువు నీటి బదులు బోరు నీరు వచ్చిన ఊళ్లలో ఈ దారి తరచుగా మూసుకుపోతుంది, ఎందుకంటే రాతి పొరల నుంచి వచ్చే నీటిలోని కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, అతి వేడిగా ఉన్న ఎలిమెంటు మీదనే కార్బనేటు గారగా గడ్డకడుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతించవచ్చు. అయితే తాగడానికి పనికొచ్చే నీరు ఎలిమెంటుకు కూడా హితమనుకోవడం పొరపాటు.

ఎలిమెంటు మాడిపోయే ఈ సమస్య గీజరున్న పడవలలో మరింత తీవ్రం, ఎందుకంటే అక్కడ తొట్టి చిన్నది, నీరు త్వరగా అయిపోతుంది, పడవ ఒరిగినప్పుడు తొట్టి పైభాగాన గాలి చిక్కుతుంది, రేవుకొక రకం విద్యుత్తు అందుతుంది. 120 వోల్టుల ఎలిమెంటును 240 వోల్టులకు కలిపితే శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరించి నాలుగింతలై అది త్వరగా మాడుతుంది. ఎలిమెంటుకూ తొట్టికీ మరో శత్రువైన తుప్పు విషయంలో పడవలు నేర్పిన పాఠం ఇంకా పాతది: 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగుకు జింకు, ఇనుప ముక్కలు తగిలిస్తే సముద్రజలం వాటినే తిని రాగిని వదిలేస్తుందని నిరూపించాడు. తొడుగు మీద గవ్వపురుగులూ నాచూ పెరగడంతో నౌకాదళం ఆ పద్ధతిని విడిచిపెట్టినా, నేటి గీజరులో తాను కరిగి తొట్టిని కాపాడే మెగ్నీషియం కడ్డీ, అంటే ఆనోడు, ఆ సూత్రం మీదనే పనిచేస్తుంది.

కనుక పదేపదే ఎలిమెంటు పోతున్నచోట విప్పి తీసిన పాత ఎలిమెంటే మొదటి సాక్షి. దానిమీద తెల్లని గార మందంగా ఉంటే కారణం నీరు. పైవంక మాత్రమే నల్లగా మాడి ఉంటే తొట్టిలో గాలి చేరడం లేదా నీరు నిండకముందే స్విచ్చి వేయడం. గార లేకుండానే తీగ తెగితే వోల్టేజినో రేటింగునో అనుమానించాలి. గొట్టానికి సూదిమొన రంధ్రాలు పడితే తుప్పు, అప్పుడు ఆనోడు అరిగిందేమో చూడాలి. కాగును తోమిన తరానికి పాత్రను కళ్లారా పరీక్షించడం రోజువారీ పని. మూసిన తొట్టి ఆ పరీక్షను కనుమరుగు చేసింది. ఏడాదికొకసారి తొట్టి విప్పి గార తీసి, ఆనోడు చూసే అలవాటు నిలదొక్కుకుంటేనే కార్వేటినగరంలోనైనా, సముద్రం మీద పడవలోనైనా, కొత్త ఎలిమెంటు పెట్టిన ఖర్చు సార్థకమవుతుంది.